లక్షకి ఏడు కట్టలు తక్కువ

అక్టోబర్ 5, ఆదివారం. ఉదయం 9.10

ఎండాకాలం వేళల లెక్కన ఇవాళ్టి నుంచి ఇక్కడ గడియారం గంట ముందుకి జరిగింది. కొత్త జీవితానికి ప్రభుత్వం కూడా సహకరిస్తోంది!

తీర్మానం: నెల రోజుల్లో వేప్, అంటే బ్యాటరీ సిగరెట్టు, మానేయడం. గడువు నవంబర్ 5, కార్తీక పౌర్ణమి.

సిగరెట్టు మానడానికి వేప్ పట్టుకుని ఏడాదైంది. ఇప్పుడు వేప్ మానడానికి ఇంకో వేప్ కొన్నాను. ఈ మాట నా భార్య శ్రావ్యకి చెబితే మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. అర్థం కాక కాదు, ఆనందం కోసం.

ఆలోచన నా స్నేహితుడు వంశీధర్‌ది. సిడ్నీలో గిరావీన్‌లో ఉంటాడు. "బావా, రెడీమేడ్ కాయిల్ అయితే మార్చేసి లాగుతూనే ఉంటావు. ఈ కొత్త ట్యాంకులో వేడెక్కే కాయిల్ తీగ నువ్వే చుట్టుకోవాలి, లోపల దూది నువ్వే పెట్టుకోవాలి. అంత చాకిరీ చేసే ఓపిక నీకెక్కడిది? దెబ్బకి మానేస్తావ్" అన్నాడు.

నిజమే. మేముండే పేట గంగాలిన్‌లో నా అంత బద్ధకస్తుడు లేడు. ఈ పథకం మొత్తం నా బద్ధకం మీద నమ్మకంతో వేసింది.

పథకం:
1వ వారం – ద్రవంలో నికోటిన్ 12 మిల్లీగ్రాములు
2వ వారం – 9
3వ వారం – 6
4వ వారం – 3
పౌర్ణమి – సున్నా!!

మిషన్‌లో దమ్ములు లెక్కపెట్టే అంకె ఉంది. నిన్నటి లెక్క 142. రోజూ ఇక్కడ రాస్తాను. అబద్ధం రాయను.

ఉదయం 9.40

అబద్ధం అంటే గుర్తొచ్చింది. మా అత్తగారు లీలావతిగారు తణుకు నుంచి వచ్చి మూడు వారాలైంది. వచ్చిన మర్నాడే గరాజ్‌లో నన్ను మిషన్‌తో సహా చూశారు. "అదేంటి బాబూ?" అన్నారు. "ఆవిరి పట్టే మిషనండీ. ఇక్కడ వసంతకాలంలో పుప్పొడి ఎక్కువ, ఊపిరాడదు" అన్నాను. పాపం, నమ్మేశారు.

 రాత్రి గదిలోకి వచ్చాక శ్రావ్య తీర్పు చెప్పింది. "అబద్ధం మీది. పౌర్ణమిలోపు మానేస్తే సరి, నేను కూడా మర్చిపోతాను. లేదా మా అమ్మ ఎదురుగా కూర్చుని నిజం మీరే చెప్పాలి. నేను చెప్పను."

మానేయడమే తేలిక.

అక్టోబర్ 6, సోమవారం (సెలవు). మధ్యాహ్నం 3.00

మొదటి కాయిల్ చుట్టాను! సన్న ఇనుప కడ్డీ మీద వైరు ఏడు చుట్లు. బిగించి, బటన్ నొక్కితే మధ్యలోంచి మొదలై చివర్ల దాకా ఎర్రబడింది. తర్వాత లోపల్నుంచి దూది దూర్చి, చివరలు కత్తిరించి, ద్రవంలో తడిపి, మూత.

దమ్ములు: 96. పథకం పనిచేస్తోంది!

అక్టోబర్ 8, బుధవారం

మాడింది. దూది ఎక్కువ కూరాను. ద్రవం అందక దూదే కాలింది. గొంతులో దిండు తగలబడినట్టుంది. విప్పి మళ్లీ పెట్టాను. ఈసారి తక్కువైంది, ట్యాంకంతా చొక్కా జేబులోకి కారింది. మళ్లీ విప్పాను.

ట్రామ్‌లో ఆఫీసుకి వెళ్తూ కాయిల్ వీడియోలు తొమ్మిది చూశాను. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

దమ్ములు: 151. ఇవి పరీక్ష కోసం లాగినవి. లెక్కలోకి రావు.

అక్టోబర్ 11, శనివారం

ఒక భయంకరమైన సంగతి తెలిసింది. ఈ పని నాకు నచ్చింది.

చాకిరీ అనుకున్నది సరదా అయి కూర్చుంది. ఆరు రోజుల్లో ఆరుసార్లు దూది మార్చాను, నాలుగు కాయిళ్లు చుట్టాను. ఇంట్లో పోయిన బల్బు మార్చమని శ్రావ్య జూన్ నుంచి అడుగుతోంది. బద్ధకాన్ని నమ్ముకున్నాను, అది నడిమధ్యలో వదిలేసి పోయింది.

దూది ప్యాకెట్ అయిపోయింది. ఆర్డర్ పెట్టాను. రావడానికి నెల పైనేనట. శ్రావ్య మేకప్ తుడుచుకునే దూది పెట్టి చూశాను. దాంట్లో ఏదో సెంటు. పెళ్లికూతురిని పీల్చినట్టుంది.

అక్టోబర్ 12, ఆదివారం. ఉదయం 11.00

ముందు వత్తుల సంగతి రాయాలి.

అత్తగారు లక్ష వత్తుల నోము పట్టారు. కిందటి కార్తీకం నుంచి చేత్తో వత్తులు చేస్తున్నారు. వంద వత్తులకి ఒక కట్ట, తెల్లదారంతో. మొత్తం వెయ్యి కట్టలు కావాలి. ఎనిమిదొందల ముప్ఫై కట్టలు సూట్‌కేసులో పెట్టుకుని వచ్చారు. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు పత్తిగింజల కోసం కట్ట కట్టా వెతికాడట. ఒక్క గింజ దొరకలేదు. మా అత్తగారి చేతి కింద గింజ మిగలడమా! మిగతావి ఇక్కడ వెనక వరండాలో కూర్చుని చేస్తున్నారు. పౌర్ణమి సాయంత్రం గుడి ఆవరణలో అన్నీ నేతిలో తడిపి ఒకేసారి వెలిగిస్తారు. నేనూ శ్రావ్యా పీటల మీద కూర్చోవాలి.

స్వచ్ఛమైన పత్తి. సెంటు లేదు. వెయ్యి కట్టల్లో ఒక్క కట్ట.

ఉదయం 11.50

రుచి: శివాలయం.

వేలు జారకుండా విభూతి రాసుకుని వత్తులు చేస్తారన్న సంగతి నాకు తెలియదా? చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కదా. పదకొండు నిమిషాలు దగ్గాను. అత్తగారు పరుగున మిరియాల కషాయం తెచ్చారు. "పుప్పొడి ఎక్కువైనట్టుంది బాబూ. ఆ మిషన్ ఇంకాస్త పట్టండి" అన్నారు.

పట్టాను. దమ్ములు: 160.

అక్టోబర్ 15, బుధవారం

రెండో కట్ట వేడినీళ్లలో ఉడికించి, ఆరబెట్టి వాడాను. ఉండ కట్టింది. మూడో కట్టని సగం ఉడికించాను. మెరుగు.

సాయంత్రం మా అమ్మాయి సాహిత్య చార్టు పట్టుకొచ్చింది. తొమ్మిదేళ్లది, అమ్మమ్మకి లెక్కలు రాసిపెడుతోంది. "అమ్మమ్మా, త్రీ బండిల్స్ ఆర్ మిస్సింగ్" అంది.

అత్తగారు వరండాలోంచి ఎదురుగా చెట్టు మీదున్న మ్యాగ్‌పై పిట్ట వంక చూశారు. "ఆ నల్లా తెల్లా పిట్ట పొద్దస్తమానం ఇటే చూస్తోందే. గూటికి పట్టుకుపోయిందేమో!"

"అవునండీ, ఈ సీజన్లో అవి గూళ్లు కడతాయి" అన్నాను. ఇంత చక్కగా ఎలా అన్నానో నాకే తెలియలేదు.

అక్టోబర్ 16, గురువారం

ఆ మ్యాగ్‌పై పిట్ట ఇవాళ ట్రామ్ స్టాపు దాకా నన్ను తరిమి తరిమి నెత్తి మీద రెండుసార్లు కొట్టింది. వీధిలో ఇంకో పదిమంది నడుస్తున్నారు. ఎవరినీ ముట్టుకోలేదు.

అక్టోబర్ 18, శనివారం

ఏడు కట్టలయ్యాయి. ఒప్పుకుంటున్నాను.

మధ్యాహ్నం వరండాలో మాడిన దూది పీకుతుంటే అత్తగారు వెనకే నిలబడి ఉన్నారు. నేను లేచే లోపే వంగి చూశారు.

"ఈ మిషన్‌కీ వత్తి కావాలా? చెప్పరేం బాబూ!"

"అంటే... చిన్నదే అండీ..."

"ఇంత బిగించి కూరారేం? వత్తి పీల్చొద్దూ? అందుకే మాడింది. దీపమైనా అంతేగా. బిగిస్తే నూనె అందదు, వదిలేస్తే కారిపోతుంది. ఇటివ్వండి."

పత్తి తీసి వేళ్లతో విప్పారు, పీచు పీచుగా. చేతికి విభూతి రాసుకోబోయి ఆగారు. "ఊపిరిలోకి పోయేది కదా, విభూతొద్దు" అని తడిచేత్తో చేశారు. మధ్యలో నిండుగా, చివర్లకి పలచగా. కాయిల్‌లోకి మెత్తగా జారిపోయింది.

సాయంత్రం 5.00

ఒక్క చుక్క కారలేదు. మాడలేదు. ఈ ఏడాదిలో ఇంత మంచి దమ్ము లాగలేదు. వంశీధర్‌కి వీడియో కాల్ చేసి చూపించాను.

"ఏం దూది వాడుతున్నావ్ బావా?"

"ఇంట్లో తయారీ."

"బ్రాండేంటి?"

"తణుకు."

దమ్ములు: 214.

అక్టోబర్ 20, సోమవారం. దీపావళి

అత్తగారు ఒక చిన్న స్టీలు డబ్బా ఇచ్చారు. మూత మీద కాగితం అంటించి "అల్లుడుగారి మిషన్" అని రాశారు. లోపల నలభై వత్తులు, ఒక్కోటి పది దీపం వత్తులంత లావు. ఇలాంటి పండగ కానుక మా వాళ్లెవరికీ వచ్చి ఉండదు.

దమ్ములు: 297.

ఈపాటికి నికోటిన్ 6లో ఉండాలి. 6 వేస్తే తృప్తి లేక రెట్టింపు లాగుతున్నాను. 12 వేస్తే సగం లాగుతాను. లెక్క ప్రకారం 12 ఆరోగ్యం. 12 వేశాను.

అక్టోబర్ 22, బుధవారం. కార్తీకం మొదటి రోజు. ఉదయం 8.00

ఇంటి నుంచే పని. కాఫీ తాగుతూ ఊరికే అడిగాను. "అత్తయ్యగారూ, ఇంత పెద్ద నోము, ఏం కోరుకుని పట్టారు?"

ఆవిడ తల ఎత్తలేదు. "కిందటేడు వీడియో కాల్లో మీ దగ్గు విన్నాను బాబూ. అమ్మాయి మాట్లాడుతుంటే వెనకాల. అది మామూలు దగ్గు కాదు. ఇక్కడికొచ్చి నేనేం చెయ్యగలను? మర్నాడే పత్తి కొన్నాను. మీ ఊపిరితిత్తుల కోసమే."

కాఫీ చల్లారిపోయింది.

ఉదయం 8.20

నా ఊపిరితిత్తుల కోసం ఒక మనిషి ఏడాది పాటు వత్తులు చేసింది. అందులో ఏడొందలు నేను ఊపిరితిత్తుల్లోకి పీల్చేశాను. ఇంతకంటే వెధవ పని నా జీవితంలో చెయ్యలేదు. ఏడుపొచ్చింది. బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఉదయం 9.00
చాలు. ఇవాళే ఆఖరు. మిషన్‌ని కారు డిక్కీలో పెట్టి తాళం వేశాను.

ఉదయం 10.15
గొడుగు కోసం డిక్కీ తెరిచాను. ఎండగా ఉంది.

ఉదయం 11.00
గొడుగు మళ్లీ లోపల పెట్టడానికి తెరిచాను.

మధ్యాహ్నం 1.30
డిక్కీ తెరిచే ఉంచాను. మాటిమాటికీ తాళం తిప్పితే పాడైపోతుంది.

దమ్ములు: 305.

అక్టోబర్ 26, ఆదివారం

కొత్త ఆలోచన: పశ్చాత్తాపం వల్ల ఒత్తిడి. ఒత్తిడి వల్ల దమ్ము. కాబట్టి ముందు పశ్చాత్తాపం మానాలి.

పని చెయ్యలేదు. 331.

 శ్రావ్య గోడ మీది క్యాలెండర్లో నవంబర్ 5 చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసింది. పక్కింటి వాళ్ల కిటికీలోంచి కూడా కనిపిస్తుంది.

అక్టోబర్ 29, బుధవారం

దమ్ములు: 388. కొత్త రికార్డు. దీనికి కప్పు ఇస్తే బాగుండు.

సాహిత్య బ్రేక్‌ఫాస్ట్ తింటూ నన్ను చాలాసేపు చూసింది. "డాడ్, ఆర్యన్స్ పఫర్ ఈజ్ బ్లూ. యువర్స్ హ్యాజ్ ఎ చార్జర్" అంది.

ఆర్యన్ దాని క్లాసు. వాడికి నిజంగా ఆస్తమా, ఇన్‌హేలర్ పీలుస్తాడు. నేను బ్రెడ్డుకి వెన్న రాస్తూ ఉండిపోయాను. రెండు వైపులా రాశాను.

నవంబర్ 2, ఆదివారం. మధ్యాహ్నం 12.00

ఆఖరి లెక్క. సాహిత్య కట్టలన్నీ హాల్లో వరసలుగా పేర్చింది. రెండుసార్లు లెక్కపెట్టింది.

"నైన్ హండ్రెడ్ అండ్ నైంటీ త్రీ."

అత్తగారు మూడోసారి లెక్కపెట్టారు. అంతే. ఏడు కట్టలు తక్కువ.

"పోయినవి మూడే, ఆఖర్న చేసేద్దాంలే అనుకున్నానే!" అన్నారు. కుడిచేతి బొటనవేలు చూపించారు. వాచి ఉంది, చర్మం పగిలింది. "ఇంక ఈ వేలు తిరగట్లేదు బాబూ. మూడు రోజుల్లో ఏడొందలు నావల్ల కాదు. పిట్టనేమంటాం. దానికీ పిల్లలుంటాయి."

శ్రావ్య నా వంక చూసింది. నేను కార్పెట్ వంక చూశాను.

నవంబర్ 3, సోమవారం

ఉదయం ఆన్‌లైన్ మీటింగ్‌లో కెమెరా ఆపేసి, ఒళ్లో పీట పెట్టుకుని వత్తులు చేశాను. ఎవరికీ చెప్పకుండా ఏడు కట్టలు చేసి, అత్తగారు నిద్రలేచి చూసేసరికి ఉన్నట్టు పెట్టేయాలని. అప్పుడు నిజం చెప్పాల్సిన పని ఉండదు.

మూడు గంటల్లో పద్నాలుగు. వాటిలో రెండు మాత్రమే వత్తుల్లా ఉన్నాయి. మిగతావి కుక్కలు నమిలి వదిలేసినట్టున్నాయి. కాయిల్ చుట్టే చేతికి ఇది ఎందుకు రాదో తెలియదు. మధ్యమధ్యలో చెయ్యి వణకకుండా దమ్ము.

పద్నాలుగు వత్తులు, 122 దమ్ములు. ఈ లెక్కన ఏడొందలు పూర్తయ్యేసరికి నేనే పూర్తయిపోతాను.

నవంబర్ 4, మంగళవారం. సాయంత్రం 5.30

చెప్పేశాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాలుగింటికి వరండాలోకి వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అత్తయ్యగారూ, పిట్ట కాదండీ."

"ఏ పిట్ట?"

"వత్తులు తీసింది నేను. ఏడు కట్టలూ."

ఆవిడ నవ్వేశారు. "మిషన్‌కేనా? అడిగితే నేనే ఇద్దును కదా! దీనికింత మొహం వేలాడేసుకోవాలా?"

అక్కడితో లేచిపోవచ్చు. నిజం సగం చెప్పాను కదా అని లేవబోయాను కూడా. ఆవిడ వాచిన వేలికి కొబ్బరినూనె రాసుకుంటున్నారు. మళ్లీ కూర్చున్నాను.

"అది మందు మిషన్ కాదండీ. పుప్పొడీ లేదు, ఏమీ లేదు. సిగరెట్టు లాంటిదే. సిగరెట్టు మానడానికని పట్టుకున్నాను. ఇప్పుడు ఇదీ మానలేకపోతున్నాను. మీకు అబద్ధం చెప్పాను."

 ఆవిడ నూనె సీసా మూత పెట్టారు.

"నేను చేసిచ్చిన వత్తులతో కూడా అదేనా?"

"అవునండీ. మీవే అన్నిటికంటే బాగా పనిచేశాయి."

ఈ రెండో మాట ఎందుకన్నానో దేవుడికే తెలియాలి. ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయారు. తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నారు. గట్టిగా వేసినా బాగుండేది.

సాయంత్రం 6.40

అత్తగారు బయటికొచ్చారు. చేతిలో "అల్లుడుగారి మిషన్" డబ్బా. మూత మీది కాగితం చింపేసి ఉంది. నేను రోజూ దాంట్లోంచి తీస్తుంటే ఆవిడ రోజూ నింపుతూనే ఉన్నారు. లోపల నలభై వత్తులు అలాగే ఉన్నాయి.

"ఇవి విప్పండి. ఒక్కోదాంట్లో పది వస్తాయి. నాలుగు కట్టలు. మిగతా మూడూ ఆ పత్తితో మీ చేత్తో చెయ్యాలి. నోము మీ ఊపిరితిత్తులకే పట్టాను. వాటిని మీరు పాడుచేసుకుంటున్నారని నోము ఆపను."

"నాకు సరిగ్గా రావట్లేదండీ."

"వస్తాయి. వచ్చేదాకా అన్నం లేదు."

శ్రావ్య వచ్చి పక్కన కూర్చుంది. సాహిత్య వచ్చింది. వాళ్లు ముగ్గురూ డబ్బాలోవి విప్పి చేశారు, నేను అర్ధరాత్రి దాటేదాకా నా మూడు కట్టలు చేశాను. శ్రావ్య నాతో మాట్లాడలేదు కానీ వంకరగా ఉన్న వత్తి కనిపిస్తే తీసి, సరిచేసి, నా కుప్పలోనే పడేసింది.

నవంబర్ 5, బుధవారం. కార్తీక పౌర్ణమి

గుడి ఆవరణలో పెద్ద స్టీలు గంగాళం. వెయ్యి కట్టలూ విప్పి నేతిలో తడిపారు. నా మూడొందలు ఏవో దూరం నుంచే తెలిసిపోతున్నాయి.

పీటల మీద నేనూ శ్రావ్యా. పంతులుగారు సంకల్పం చెబుతూ ఆగి, "ఏ కోరికతో అమ్మా?" అని అడిగారు.

అత్తగారు నా వంక చూశారు. "మా అల్లుడి ఊపిరితిత్తులు బాగుండాలండీ" అన్నారు.

"గారు" లేదు. పన్నెండేళ్లలో ఇదే మొదటిసారి. కోపమో, సొంతమో అడిగే ధైర్యం లేదు.

మంట లేచింది. మొదట గంగాళం అంచు వెంట, తర్వాత ఒక్కసారిగా. నెయ్యి వాసన, వేడి మొహం మీద కొట్టింది. అందరూ దణ్ణం పెట్టుకుంటున్నారు. నాకు పొగకి దగ్గు వచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఆవిడ విన్న దగ్గు అదే. మంట వైపు చూడ్డం మానేసి నా వైపే చూస్తూ నిలబడ్డారు. ఆ మొహం చూశాక ఇంక నాకు ఏ సాకూ తోచలేదు.

దమ్ములు: 6. తెల్లారకముందు, గరాజ్‌లో. గడువుకి సున్నా అనుకున్నాను. సున్నా కాదు.

నవంబర్ 6, గురువారం. ఉదయం 7.00

వంటింటి బల్ల మీద పీట, పత్తి, విభూతి డబ్బా. అత్తగారు ఇడ్లీ పెడుతూ చెప్పారు.

"అల్లుడుగారూ, లాగాలనిపించినప్పుడల్లా ఒక వత్తి చెయ్యండి. వచ్చే కార్తీకానికి లక్ష. ఈసారి నోము మీది. అధికమాసం కూడా ఉంది, ఒక నెల కలిసొస్తుంది."

గారు తిరిగొచ్చింది. రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను.

తీర్మానం: ఇవాళ్టి నుంచి వేప్ బంద్!! సాహిత్య కొత్త చార్టు గీసి ఫ్రిజ్‌కి అంటించింది. మీద "డాడ్" అని రాసింది.

ఉదయం 7.20 – వత్తి 1
ఉదయం 7.21 – 2
ఉదయం 7.21 – 3

సాయంత్రం 6.00

వత్తులు: 183. తిన్నగా ఉన్నవి: 20.

దమ్ములు: 9. మేకప్ దూదితో. సున్నా అని రాద్దామనుకున్నాను కానీ సాహిత్య వెనకాలే నిలబడి ఉంది.

లెక్క వేశాను. వచ్చే పౌర్ణమికి లక్ష కావాలంటే రోజుకి 261 సార్లు నాకు లాగాలనిపించాలి. ఇవాళ వచ్చింది 183. నోము సకాలంలో పూర్తి కావాలంటే కోరిక ఇంకా బాగా పెంచుకోవాలి. రేపటి నుంచి గట్టిగా ప్రయత్నిస్తాను.